మన మాట అవతలికి చేరాలంటే – ఇంటి కంప్యూటరు మైకు పాఠం

పాల సంఘాల సభ్యులారా,

ఈ పుటల్లో మేము ఇంతవరకు పశువుల మేత గురించి, పొదుగు శుభ్రత గురించి, దూడల పెంపకం గురించి రాస్తూ వచ్చాము. ఈసారి ఇంటి కంప్యూటరు మైకు గురించి రాస్తున్నాము. పాల సంఘానికీ మైకుకూ ఏమి సంబంధం అని అనుకోవద్దు. పోయిన వానాకాలంలో రాజాం దగ్గర ఒక ఊరిలో జరిగిన సంగతి చదివితే ఆ సంబంధం మీకే తెలుస్తుంది. ఊరి పేరు, మనుషుల పేర్లు ఇక్కడ అవసరం లేదు.

ఆ ఊరి సంఘ సభ్యురాలు ఒకామెకు రెండో ఈత సంకరజాతి ఆవు ఉంది. ఈనిన ఇరవయ్యో రోజు సాయంత్రం పాలు పిండుతుండగా ఒక చన్ను గట్టిగా, వేడిగా తగిలింది. ధారలో తెల్లటి పలుకులు కనబడ్డాయి. బయట ఎడతెరిపి లేని వాన. దారిలో గెడ్డ పొంగింది, డాక్టరుగారు ఆ రాత్రి రాలేరు. సెల్‌ఫోను సిగ్నలు నిలవడం లేదు. కార్యదర్శి ఇంటికి తీగ ద్వారా వచ్చే ఇంటర్నెట్టు మాత్రం పనిచేస్తోంది. ఆయన తన కంప్యూటరు మీద డాక్టరుగారిని కలిపి, ఆమెను ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టాడు.

"నిన్న పాలు తగ్గినాయి డాక్టరు బాబూ, ఇయ్యాల ఇరిగొస్తన్నాయి" అని ఆమె చెప్పింది.

డాక్టరుగారికి ఆ మాట నూతిలోంచి వచ్చినట్టు వినబడింది. "కొంచెం గట్టిగా చెప్పమ్మా" అన్నారు. ఆమె మళ్లీ చెప్పింది. ఈసారి ఆయనకు "తిరిగొస్తన్నాయి" అని వినబడింది. తగ్గిన పాలు తిరిగి వస్తున్నాయంటే మంచిదే కదా అనుకున్నారు. "అయితే భయం లేదమ్మా, రేపు చూద్దాం" అన్నారు.

తెల్లవారేసరికి ఆవు మేత ముట్టలేదు, ఒళ్లు కాలిపోతోంది. డాక్టరుగారు వచ్చి చూసి, ఇది పొదుగువాపు వ్యాధి అని వెంటనే వైద్యం మొదలుపెట్టారు. ఆవు కోలుకుంది. కాని ఆ చన్ను ఆ ఈతకు పాలివ్వలేదు. పాలు విరిగి వస్తున్నాయన్న ఒక్క మాట ఆ రాత్రే చేరి ఉంటే వైద్యం పన్నెండు గంటల ముందు మొదలై ఉండేది.

ఇందులో ఆమె తప్పు లేదు. డాక్టరుగారి తప్పూ లేదు. మాట బయలుదేరింది కాని దారిలో సన్నబడిపోయింది.

సమయానికి మాట అందకపోతే ఏమవుతుందో రాజాం వారికి మేము వేరే చెప్పనక్కరలేదు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడిపోయినప్పుడు తాండ్ర పాపారాయుడు రాజాంలో ఉన్నాడనీ, కబురు సమయానికి అందలేదనీ తరతరాలుగా ఈ ప్రాంతంలో చెప్పుకుంటారు. ఆ రోజుల్లో కబురు మోసేవాడు గుర్రం మీద వెళ్లాలి. ఈ రోజుల్లో మాట క్షణంలో వెళుతుంది. అయినా వినబడకపోతే వెళ్లనట్టే.

ఇప్పుడు మన ఇళ్లలో కంప్యూటర్లు కొత్త కాదు. రాజాంలో 1997లో జి.ఎం.ఆర్. ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఏర్పడింది. ఇంజనీరింగు చదివే పిల్లలున్న ఇంట కంప్యూటరు ఉండనే ఉంటుంది. 2020లో కరోనా వచ్చినప్పుడు చిన్నపిల్లల పాఠాలు కూడా దాని మీదకే వచ్చాయి. హైదరాబాదులో ఉన్న కొడుకుతో మాట్లాడాలన్నా, కార్యదర్శులకు పెట్టే శిక్షణలో ప్రశ్న అడగాలన్నా, సమావేశంలో పాల ధర గురించి సభ్యుల మాట వినిపించాలన్నా మైకు సరిగా ఉండాలి. వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస మండలాల సభ్యులు కూడా ఈ పాఠాన్ని తమ సంఘం కంప్యూటరు దగ్గర పెట్టుకుని ఒకసారి చేసి చూడవలసిందిగా కోరుతున్నాము.

మాట నడిచే దారి

డైరీకి చేరిన పాలు తక్కువ వచ్చాయనుకోండి. వెంటనే వ్యాను డ్రైవరును తిట్టము. పొదుగు నుంచి చెంబుకు, చెంబు నుంచి సంఘం కొలతకు, అక్కడి నుంచి క్యానుకు, క్యాను నుంచి కూలరుకు, ఒక్కో చోట కొలిచి చూస్తాము. ఎక్కడ తగ్గిందో అక్కడే సరిచేస్తాము. మాటకూ అటువంటి దారే ఉంది.

నోటి నుంచి మాట గాలిలో కలుస్తుంది. గాలి నుంచి మైకులోకి వెళ్లి చిన్న విద్యుత్తుగా మారుతుంది. తీగ గుండా, పిన్ను గుండా కంప్యూటరులోని సౌండు కార్డుకు చేరుతుంది. అక్కడ పెద్దదై అంకెలుగా మారుతుంది. కంప్యూటరు సెట్టింగులో పెట్టిన స్థాయిని బట్టి హెచ్చుతుంది లేక తగ్గుతుంది. తరువాత జూమ్, గూగుల్ మీట్ వంటి ప్రోగ్రాము చేతికి వెళుతుంది. అక్కడి నుంచి ఇంటర్నెట్టు ద్వారా అవతలి కంప్యూటరుకు, చివరకు అవతలి మనిషి చెవికి.

చాలామంది మాట వినబడకపోతే నేరుగా సెట్టింగుల్లోకి వెళ్లి అన్ని గీతలనూ చివరకు లాగేస్తారు. అది సరియైన పద్ధతి కాదు. దారి మొదటి నుంచి వెతకాలి. మొదట్లో పోయిన దానిని చివరలో తెచ్చుకోలేము. ఈ పాఠం మొత్తంలో మేము చెప్పదలచిన ముఖ్య విషయం ఇదే.

తప్పు మనదా, అవతలివారిదా?

ముందుగా ఇది తేల్చుకోవాలి. అవతలివారి స్పీకరు తగ్గించి ఉండవచ్చు. ఇద్దరు ముగ్గురు వేరువేరు మనుషులు మీ మాట వినబడడం లేదంటే తప్పు మన వైపు ఉందని అనుకోవచ్చు.

దీనికి తేలికైన పరీక్ష ఉంది. విండోస్ కంప్యూటరులో సౌండ్ రికార్డర్ అనే ప్రోగ్రాము ఉంటుంది. పాత వాటిలో దాని పేరు వాయిస్ రికార్డర్. దానిని తెరిచి, మామూలు గొంతుతో పది సెకండ్లు మాట్లాడండి. ఆపి, తిరిగి వినండి. వినేటప్పుడు స్పీకరు స్థాయి మార్చకుండా ఒక పాట కూడా పెట్టి పోల్చి చూడండి. పాట బాగా వినబడి మీ గొంతు సన్నగా ఉంటే మైకు నుంచి సెట్టింగు దాకా ఎక్కడో లోపం ఉంది. రికార్డులో గొంతు బాగుండి సమావేశంలో మాత్రమే తగ్గితే ఆ సమావేశపు ప్రోగ్రామును చూడాలి. లాక్టోమీటరు ముంచకుండా పాల సంగతి చెప్పనట్టే, రికార్డు చేసి వినకుండా మైకు సంగతి చెప్పరాదు.

మొదటి మెట్టు: దూరం

మైకుకు నోరు ఎంత దూరంలో ఉందన్నది అన్నిటికంటే ముఖ్యం. దూరం రెట్టింపు అయితే మైకును తాకే ధ్వని ఒత్తిడి సగమవుతుంది. జాన దూరంలో ఉన్న మైకును మూర దూరానికి జరిపితే మాట సగం. రెండు మూరలకు జరిపితే నాలుగో వంతు. గదిలో గోడలకు తగిలి తిరిగి వచ్చే శబ్దం కొంత కలుస్తుంది కాని దాని వల్ల మాట స్పష్టత పెరగదు, గుయ్యిమని మోగుతుంది.

మేజా మీద పెట్టే మైకు అయితే నోటికి జాన దూరంలో ఉంచాలి. తలకు పెట్టుకునే హెడ్‌సెట్టు మైకు అయితే నోటి మూలకు రెండు వేళ్ల దూరంలో, కొంచెం పక్కగా ఉంచాలి. సరిగ్గా నోటి ముందు ఉంటే ఊపిరి తగిలి బుస్సుమంటుంది.

ల్యాప్‌టాప్‌లో మైకు సాధారణంగా తెర పైఅంచున కెమేరా పక్కన గాని, కీబోర్డు దగ్గర గాని సూదిమొన అంత రంధ్రంగా ఉంటుంది. దాని మీద స్టిక్కరు అంటించినా, కవరు కప్పినా మాట మూసుకుపోతుంది. సంఘాల్లో దాణా బస్తాలు విప్పే గదిలోనే కంప్యూటరు ఉంటే తవుడు ధూళి ఆ రంధ్రంలో పేరుకుంటుంది. పొడి మెత్తటి బ్రష్షుతో తుడవాలి. పిన్నీసుతో పొడవరాదు, తడిగుడ్డ పెట్టరాదు.

ఇంకొక మాట. మేజా మీద పెట్టే పెద్ద కంప్యూటర్లలో చాలావాటికి లోపల మైకు ఉండదు. మైకు విడిగా కొనాలి, లేదా కెమేరాతో వచ్చిన మైకు వాడాలి. లేని మైకు కోసం సెట్టింగుల్లో గంటల తరబడి వెతికిన వారిని మేము చూశాము.

రెండవ మెట్టు: పిన్ను, రంధ్రం

పెద్ద కంప్యూటరు వెనుక రంగు రంగుల గుండ్రటి రంధ్రాలు ఉంటాయి. గులాబీ రంగు మైకుది. ఆకుపచ్చ స్పీకరుది లేక హెడ్‌ఫోనుది. నీలం రంగు టేప్‌రికార్డరు వంటి పరికరాల శబ్దం లోపలికి తీసుకోవడానికి. మైకును నీలం రంగు రంధ్రంలో పెడితే మాట అతి సన్నగా వస్తుంది, లేదా అసలు రాదు. మైకు నుంచి వచ్చే విద్యుత్తు చాలా తక్కువ. దానిని పెంచే ఏర్పాటు గులాబీ రంధ్రం వెనుకే ఉంటుంది.

ఇప్పుడు పిన్నును చూడండి. దాని మీద నల్లని చుట్లు ఉంటాయి. రెండు చుట్లు ఉంటే మూడు భాగాల పిన్ను. మూడు చుట్లు ఉంటే నాలుగు భాగాల పిన్ను. సెల్‌ఫోనుతో వాడే హెడ్‌సెట్టుకు నాలుగు భాగాల పిన్ను ఉంటుంది. వినడానికి రెండు, మైకుకు ఒకటి, అన్నిటికీ కలిపి ఒకటి. ఇటువంటి పిన్నును పెద్ద కంప్యూటరు గులాబీ రంధ్రంలో పెడితే మైకు సరిగా పనిచేయదు. ఒక వైపు ఒక రంధ్రం, రెండో వైపు రెండు పిన్నులు ఉండే చీలిక తీగ కంప్యూటరు దుకాణాల్లో తక్కువ ధరకే దొరుకుతుంది. హెడ్‌సెట్టును దానికి పెట్టి, దాని రెండు పిన్నులను గులాబీ, ఆకుపచ్చ రంధ్రాలలో పెట్టాలి. ఒకే రంధ్రం ఉన్న ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఈ తీగ అవసరం లేదు.

పెళ్లిళ్లలో, గుడిలో వాడే పెద్ద మైకును తెచ్చి కంప్యూటరుకు తగిలించేవారు ఉన్నారు. మైకు పెద్దదైతే శబ్దం పెద్దగా వస్తుందని వారి నమ్మకం. ఇది పొరపాటు. కంప్యూటరు మైకులు ఎక్కువగా ఎలెక్ట్రెట్ రకానివి. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ అనే ఇద్దరు 1962లో ఈ రకాన్ని తయారుచేశారు. దాని లోపలే చిన్న పెంపకం ఏర్పాటు ఉంటుంది. అందుకు కావలసిన కొద్దిపాటి విద్యుత్తు కంప్యూటరే ఇస్తుంది. సభల్లో వాడే మైకులు చాలావరకు తీగచుట్ట, అయస్కాంతంతో పనిచేసే వేరే రకం. వాటి నుంచి వచ్చే విద్యుత్తు మరీ తక్కువ. దానిని పెంచే ఆంప్లిఫయరు మధ్యలో లేకపోతే కంప్యూటరుకు ఆ మాట గుసగుసలాగే వినబడుతుంది.

పిన్ను పూర్తిగా లోపలికి దిగిందో లేదో కూడా చూడాలి. సగం దిగిన పిన్ను తరచు ఎదురయ్యే లోపాలలో ఒకటి.

మూడవ మెట్టు: ఏ మైకు ఎంచుకున్నారు?

ఒకే కంప్యూటరుకు రెండు మూడు మైకులు ఉండవచ్చు. ల్యాప్‌టాప్‌లోపల ఒకటి, కెమేరాలో ఒకటి, హెడ్‌సెట్టుకు ఒకటి. మీరు హెడ్‌సెట్టులో మాట్లాడుతుంటే కంప్యూటరు కెమేరా మైకుతో వింటూ ఉండవచ్చు. అప్పుడు ఎంత అరిచినా దూరం నుంచి వచ్చినట్టే ఉంటుంది.

విండోస్ 11లో స్టార్ట్ నొక్కి సెట్టింగ్స్, అందులో సిస్టం, అందులో సౌండ్ తెరవండి. కిందకు వస్తే ఇన్‌పుట్ అనే భాగం ఉంటుంది. అక్కడ ఉన్న మైకుల పేర్లు కనబడతాయి. మీరు వాడదలచిన దానిని ఎంచుకోండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత సహాయం 2025 అక్టోబరు 14తో ముగిసింది. అయినా దానితో నడిచే కంప్యూటర్లు ఉన్నాయి కనుక చెబుతున్నాము, అందులోనూ దారి ఇంచుమించు ఇదే.

ఎంచుకున్నది సరియైనదో కాదో తెలుసుకోవాలంటే మైకు మీద గోటితో మెల్లగా గీకి చూడండి. తెర మీద స్థాయి చూపే గీత ఎగిరితే అదే మైకు. ఎగరకపోతే కంప్యూటరు వేరే మైకుతో వింటోంది.

గీత అసలు కదలకపోతే రెండు విషయాలు చూడాలి. కొన్ని హెడ్‌సెట్ల తీగ మీద, కొన్ని ల్యాప్‌టాప్‌ల కీబోర్డు మీద మైకు ఆపే మీట ఉంటుంది. అది నొక్కి ఉందేమో చూడండి. రెండవది, సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో మైక్రోఫోన్ తెరిచి, మైకు వాడుకోవడానికి ప్రోగ్రాములకు అనుమతి ఉందో లేదో చూడండి.

నాలుగవ మెట్టు: స్థాయి

అదే ఇన్‌పుట్ భాగంలో మైకు పేరు మీద నొక్కితే ఇన్‌పుట్ వాల్యూమ్ అనే గీత వస్తుంది. దానిని ఎనభై వరకు జరపండి. దగ్గరలోనే స్టార్ట్ టెస్ట్ అనే మీట ఉంటుంది. నొక్కి, మామూలుగా మాట్లాడి, ఆపండి. మాట్లాడినప్పుడు గీత సగం దాటి ముప్పాతిక దాకా రావాలి. చివరకు తగిలి అక్కడే నిలిచిపోకూడదు. తక్కువగా ఉంటే వాల్యూమ్‌ను నూరు దాకా పెంచవచ్చు.

అప్పటికీ చాలకపోతే సౌండ్ పేజీ అడుగున మోర్ సౌండ్ సెట్టింగ్స్ అని ఉంటుంది. దానిని నొక్కి, రికార్డింగ్ అనే భాగంలో మీ మైకును ఎంచుకుని, ప్రాపర్టీస్, అందులో లెవెల్స్ తెరవండి. పై గీత మామూలు స్థాయిది. కింద మైక్రోఫోన్ బూస్ట్ అనే రెండో గీత ఉండవచ్చు. యు.ఎస్.బి. మైకులకు సాధారణంగా ఈ రెండో గీత కనబడదు. అది లోపం కాదు.

బూస్ట్ – నీళ్లు కలిపిన పాలు

బూస్ట్ గురించి ప్రతి సభ్యుడూ తెలుసుకోవాలి. ఇది సాధారణంగా పది, ఇరవై, ముప్పై డెసిబెల్ అని మెట్లుగా ఉంటుంది. పది డెసిబెల్ అంటే సుమారు మూడు రెట్లు. ఇరవై అంటే పది రెట్లు. ముప్పై అంటే సుమారు ముప్పై రెండు రెట్లు. చూడగానే ఆశ పుడుతుంది. కాని ఈ గీతకు మాట ఏదో, ఫ్యాను హోరు ఏదో తెలియదు. రెండింటినీ ఒకేలా పెంచుతుంది.

లెక్క వేసి చూద్దాం. మైకు జాన దూరంలో ఉన్నప్పుడు మీ మాట ఎనిమిది పాళ్లు, ఫ్యాను హోరు ఒక పాలు అనుకోండి. మైకును రెండు మూరలు దూరం జరిపారు. మాట నాలుగో వంతై రెండు పాళ్లకు వచ్చింది. ఫ్యాను గది మధ్యన ఉంది కనుక హోరు ఒక పాలుగానే ఉంది. ఇప్పుడు ఇరవై డెసిబెల్ బూస్ట్ పెట్టారు. మాట ఇరవై పాళ్లు అయింది, హోరు పది పాళ్లు అయింది. శబ్దం పెద్దదైంది కాని మాటలో హోరు సగం. మైకును తిరిగి జాన దూరానికి తెస్తే ఏ బూస్టూ లేకుండా ఎనిమిదికి ఒకటి.

పాలలో నీళ్లు కలిపితే లీటర్లు పెరుగుతాయి. వెన్న పెరుగుతుందా? టెస్టరు పరీక్ష చేయగానే శాతం పడిపోయినట్టు తెలుస్తుంది. బూస్ట్ కూడా అంతే, శబ్దం కొలత పెంచుతుంది గాని మాట చిక్కదనం పెంచదు. అవతలివారి చెవికి కావలసింది చిక్కదనమే. మన ఆవిడ "ఇరిగి" అన్న మాటకూ డాక్టరుగారు విన్న "తిరిగి" అన్న మాటకూ ఒక్క అక్షరమే తేడా. హోరులో ముందు మునిగిపోయేవి ఇటువంటి అక్షరాలే.

బూస్ట్ అసలు వాడవద్దని మేము అనడం లేదు. దూరం, పిన్ను, ఎంపిక మూడూ సరిచూసిన తరువాతనే వాడాలి. ఒక్కో మెట్టు పెంచి, ప్రతిసారీ రికార్డు చేసి వినాలి. ఎక్కువ పెట్టి గట్టిగా మాట్లాడితే గొంతు పగిలినట్టు, బొబ్బలు తేలినట్టు వస్తుంది. పాలు పొంగి పొయ్యిలో పడితే ఎత్తుకోలేము. పగిలిన మాటను కూడా తరువాత సరిచేయలేము.

ఐదవ మెట్టు: సమావేశపు ప్రోగ్రాము

రికార్డులో గొంతు బాగున్నా సమావేశంలో తగ్గితే ప్రోగ్రాము సెట్టింగులు చూడాలి. ఇటువంటి ప్రోగ్రాములకు తమ సొంత మైకు ఎంపిక ఉంటుంది. విండోస్‌లో ఒకటి ఎంచుకున్నా ఇది వేరే దానితో వినవచ్చు. రెండుచోట్లా ఒకే మైకు ఉండాలి.

జూమ్‌లో ఆడియో సెట్టింగులలో మైకు స్థాయిని తనంతట తానే సరిచేసుకునే ఏర్పాటు ఉంది. అది కొన్నిసార్లు స్థాయిని దించేస్తుంది. ఆ గుర్తు తీసివేసి మీరే పెట్టి చూడండి. వెనుక శబ్దాలను అణిచే ఏర్పాటు కూడా ఉంటుంది. దానిని మరీ ఎక్కువ మీద పెడితే మెల్లగా మాట్లాడే పెద్దవారి గొంతును కూడా హోరు అనుకుని అణిచేస్తుంది. తక్కువ మీద పెట్టి చూడండి.

బ్లూటూత్ హెడ్‌సెట్టు వాడేవారికి ఒక సూచన. అందులోని మైకు వాడగానే అది ఫోను మాటల పద్ధతికి మారి, గొంతు సన్నగా, ఇరుకుగా వినబడవచ్చు. ముఖ్యమైన మాటలకు తీగ హెడ్‌సెట్టు మేలు.

గది, కరెంటు

మాట్లాడేటప్పుడు ఫ్యాను తగ్గించండి. పక్కన చాఫ్ కట్టరు, పాలు పిండే యంత్రం నడుస్తుంటే కాసేపు ఆపండి. రేకుల కప్పు కింద వాన పడుతుంటే లోపలి గదిలోకి మారండి. గోడకు ఒక దుప్పటి వేలాడదీసినా గది మోత తగ్గుతుంది.

గొంతు వెనుక జుయ్యిమని ఒకే రకం మోత వస్తుంటే ల్యాప్‌టాప్ ఛార్జరు తీసి బ్యాటరీ మీద నడిపి చూడండి. మోత ఆగితే ఛార్జరులో గాని, ఇంటి ఎర్తింగులో గాని లోపం ఉన్నట్టు. ఎర్తింగును ఎలక్ట్రీషియను చేత చూపించాలి. మైకు కోసమే కాదు, ప్రాణభద్రతకు కూడా అది అవసరం.

ఇవన్నీ చేసినా ఫలితం లేకపోతే అదే మైకును వేరే కంప్యూటరుకు పెట్టి చూడండి. అక్కడా సన్నగానే ఉంటే మైకు పాతబడింది, మార్చండి. అక్కడ బాగుంటే మీ కంప్యూటరు సౌండు డ్రైవరును దాని తయారీదారుల సైటు నుంచి మాత్రమే తిరిగి ఎక్కించాలి. మీ కంప్యూటరు పాడైంది, మేము దూరం నుంచే సరిచేస్తామని ఎవరైనా ఫోను చేస్తే నమ్మవద్దు. వారు చెప్పిన ప్రోగ్రాము ఎక్కించవద్దు. ఓ.టి.పి. చెప్పవద్దు. సభ్యుల పాల డబ్బు ఖాతాలు అదే కంప్యూటరులో ఉంటాయని గుర్తుంచుకోండి.

ఆ ఇంట్లో ఏమైంది?

ఆవు సంగతి తెలిసిన తరువాత కార్యదర్శి కొడుకు, మేము కలిసి ఆ కంప్యూటరును మొదటి నుంచి చూశాము. హెడ్‌సెట్టు ఉంది, పిన్ను సరిగానే దిగి ఉంది. ఆ రాత్రి ఆమె దానిని తలకు పెట్టుకునే మాట్లాడింది. కాని జూమ్‌లో ఎంచుకున్నది తెర మీది కెమేరా మైకు. అది ఆమెకు రెండు మూరల పైన ఉంది. నెత్తి మీద ఫ్యాను, రేకుల మీద వాన. మాట సన్నగా ఉందని ఎవరో అంతకుముందే బూస్ట్ చివరకు లాగి ఉంచారు. అందువల్ల వాన కూడా ముప్పై రెండు రెట్లయింది. శబ్దాలను అణిచే ఏర్పాటు ఆ వానతో పాటు ఆమె గొంతునూ అణిచింది.

మైకు పేరు మార్చి, బూస్ట్ సున్నాకు దించి, స్థాయి ఎనభైలో పెట్టాము. అంతా కలిపి ఐదు నిమిషాల పని. ఒక్క పైసా ఖర్చు కాలేదు. ఆమెనే పిలిచి మళ్లీ మాట్లాడించి రికార్డు వినిపించాము. "ఇది నా గొంతేనా బాబూ, పక్కన కూకుని మాటాడినట్టున్నాది" అని నవ్వింది. తరువాత, "ఆ పొద్దే ఇలాగుంటే బాగుండును" అంది. మా దగ్గర జవాబు లేదు.

సంఘం గోడకు అంటించుకోవలసిన పట్టిక

1. పది సెకండ్లు రికార్డు చేసి వినండి.
2. మైకును నోటికి దగ్గరగా తీసుకురండి.
3. పిన్ను సరియైన రంధ్రంలో పూర్తిగా దిగిందో లేదో చూడండి.
4. విండోస్‌లోనూ సమావేశపు ప్రోగ్రాములోనూ ఒకే మైకు ఎంచుకోండి. గోటితో గీకి నిర్ధారించుకోండి.
5. స్థాయిని ఎనభై వద్ద పెట్టి, గీత ముప్పాతిక దాకా వస్తుందో లేదో చూడండి.
6. ఫ్యాను, యంత్రాలు ఆపండి.
7. బూస్ట్‌ను అన్నిటికంటే చివర, ఒక్కో మెట్టుగా వాడండి.
8. ముఖ్యమైన మాట చెప్పిన తరువాత, విన్నది తిరిగి చెప్పమని అవతలివారిని అడగండి.

ఎనిమిదవ సూచనకు కంప్యూటరు చదువు అక్కరలేదు. "నేనేమి చెప్పినానో ఒకసారి చెప్పండి డాక్టరు బాబూ" అని ఆ రాత్రి అడిగి ఉంటే మైకు ఎంత పాడుగా ఉన్నా పొరపాటు అక్కడే బయటపడేది. పెద్దవారిని అలా అడగడం మర్యాద కాదేమోనని సంకోచించవద్దు. మన మాట ఎంత తూకం అందిందో చూసుకోవడం మన హక్కు. సంఘంలో పాలు పోసి చీటీ తీసుకోకుండా ఎవరమూ ఇంటికి రాము కదా.

పశువుకు జ్వరం, పొదుగు గట్టిపడడం, పాలలో పలుకులు, రక్తపు చార కనబడితే ఒక్క పూట కూడా ఆగవద్దు. మొదటి ధారలను నల్లగుడ్డ మీద పిండి పరీక్షించుకోండి. ఆ పాలను సంఘానికి పోయవద్దు. డాక్టరుగారిని నేరుగా కలవడానికి వీలున్నప్పుడు కంప్యూటరు మీద ఆధారపడవద్దు. వీలు లేని రాత్రికి మాత్రం మైకును ముందుగానే సరిచూసి ఉంచుకోండి.

వచ్చే నెల సమావేశానికి ముందు ప్రతి సంఘం కార్యదర్శి, టెస్టరు కలిసి పై ఎనిమిది సూచనలను తమ కంప్యూటరు మీద చేసి చూడాలని మనవి. చేసినప్పుడు ఎదురైన సందేహాలను మాకు రాయండి. అందరికీ పనికివచ్చే వాటికి ఈ పుటల్లోనే జవాబు ఇస్తాము.